మొదటి వన్స్ మోర్

మా ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో నాటకం ఆడేటప్పుడు ఒక కట్టుబాటు ఉండేది. పద్యం ఎంత రక్తి కట్టినా సరే, మా ఇంటి పెద్ద "వన్స్ మోర్" అనే దాకా ఇంకెవరూ ఆ మాట అనకూడదు. ఆయన అన్నాక ఊరంతా అనవచ్చు, ఈలలు వేయవచ్చు, కండువాలు ఎగరేయవచ్చు. ముందు మాత్రం ఆయనే. ఈ పద్ధతి మా ముత్తాతగారు పెట్టారు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ రెండు మాటలేనని మా నాయనమ్మ అంటూ ఉండేది.

దీన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, ఆ అవసరం రాలేదు. మా తాతగారి కాలంలో ఒకాయన ఉత్సాహం ఆపుకోలేక ముందే అరిచాడట. తాతగారు నాటకం ఆపించి, ఆయన్ని స్టేజీ మీదికి పిలిపించి, చాలా మర్యాదగా, "అంత నచ్చింది కదా, ఈసారి మీరే పాడండి" అన్నారట. ఆయన పాడాడు. విన్నవాళ్లు మళ్లీ ఎప్పుడూ తొందరపడలేదు.

నా దాకా వచ్చేసరికి భూములు లేవు. కొన్ని చట్టానికి పోయాయి, కొన్ని కోర్టులకు, తక్కినవి మావాళ్ల భోజనప్రీతికి. ఇంట్లో సగభాగం ఎరువుల కొట్టు వాళ్లకు అద్దెకిచ్చాం. తొలకరి రోజుల్లో మా పూజగదిలో అగరొత్తుల వాసన మీద యూరియాదే పైచేయిగా ఉండేది. నాన్నగారు పోయాక నాకు దక్కిన వారసత్వమల్లా నవమి ఉత్సవాల్లో మా ఇంటి పేరున నడిచే నాటకం రోజు, పందిట్లో ముందు వరసన ఒక కుర్చీ, ఆ రెండు ఇంగ్లీషు మాటలు. కుర్చీలో ఏటేటా కూర్చున్నాను. మాటలు మాత్రం ఒక్కసారి కూడా వాడలేదు. పిసినారితనం వల్ల కాదు. వాడదగ్గ గొంతు వినపడలేదు.

నా చిన్నప్పుడు విన్న గొంతులు వేరు. అవి తీయని గొంతులు కావు. మిల్లులో పాలిష్ పట్టిన బియ్యానికీ ఇంట్లో దంచిన బియ్యానికీ ఉన్నంత తేడా ఉండేది. కొంచెం గరుకు, కొంచెం తవుడు, నములుతున్న కొద్దీ రుచి. రాగం పైకి వెళ్లినప్పుడు ఎక్కడో ఒకచోట గొంతు చీలేది. సరిగ్గా ఆ చీలిక దగ్గరే ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకునేవారు. స్టేజీ మీద మైకు ఉండేది గాని, ఆ నటులు దాన్ని ఇంటికొచ్చిన దూరపు చుట్టంలాగా చూసేవారు. పలకరించేవారు, దాని మీద ఆధారపడేవారు కాదు.

తొంభైలు వచ్చేసరికి నాటకాల్లోకి ఎకో మిషను దిగింది. రాజు "ఓ మంత్రీ" అని పిలిస్తే "మంత్రీ, మంత్రీ, మంత్రీ" అని వినపడేది. ఒక రాజుకు అంతమంది మంత్రులు ఎందుకో నాకు బోధపడేది కాదు. హార్మోనియం పక్కకు కీబోర్డు వచ్చి కూర్చుంది. గొంతులన్నీ పాలిష్ పట్టి, తెల్లగా, ఒకే గింజలాగా తయారయ్యాయి. నేను కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుని, నోరు కట్టుకుని, వింటూ ఉండేవాణ్ణి. నేను అనను గనక ఊరూ అనేది కాదు. అలా ఏళ్లు గడిచి, మా రోజున పందిట్లో జనం పలచబడుతూ వచ్చారు.

ఒక ఏడు నవమి ఇంకా రెండు నెలలు ఉందనగా ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు మా ఇంటికి వచ్చాడు. రొయ్యల చెరువులతో పైకొచ్చినవాడు, కొత్త మోటారు సైకిలు, ముప్పై దాటని వయసు. మనిషి మర్యాదస్తుడే. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కుర్చీ చూపించినా అంచునే కూర్చున్నాడు. మా రోజును ఆర్కెస్ట్రాకు ఇస్తే బాగుంటుందని కుర్రాళ్లు పట్టుబడుతున్నారని, తనదేమీ లేదని, కమిటీ మాట మోసుకొచ్చానని చెప్పాడు.

"పోయినేడు మీ రోజున చివరిదాకా ఎవరున్నారో మీకు గుర్తుందాండీ?" అన్నాడు. "మీరు, హార్మోనియం ఆయన, ఓ ఆవు."

"ఆవు శ్రద్ధగానే వింది," అన్నాను.

అతను నవ్వలేదు. నవ్వితే బాగుండదనుకున్నాడేమో. జుట్టు సవరించుకుని, చివరికి ఒక ఒప్పందం చెప్పాడు. ఈ ఏడు మా రోజున ఒక్క వన్స్ మోర్ పడితే చాలు, ఆ రోజు మాదే, తాను ప్రెసిడెంటుగా ఉన్నంతకాలం మళ్లీ ఆ మాట ఎత్తడు. పడకపోతే వచ్చే ఏటి నుంచి ఆర్కెస్ట్రా.

"పడుతుంది," అన్నాను.

"అదేనండి, మీరంటే లెక్కలోకి రాదు. జనం అనాలి."

"మా ఇంట్లో ఎవరూ తమ పెళ్లికి తామే బాజా వాయించుకోలేదయ్యా. నేను నోరెత్తను. సరేనా?"

సరేనన్నాడు. అతను మోటారు సైకిలు ఎక్కి వెళ్లేదాకా నేను గుమ్మంలో నిటారుగా నిలబడ్డాను. లోపల తలుపు చాటున అంతా విన్న మా ఆవిడ బయటికొచ్చి, "మీరు అనకూడదు. మీరు అనందే జనం అనరు. ఇంక ఎవరంటారండీ, ఆవా?" అని అడిగింది.

నేను ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించినట్టే ముఖం పెట్టాను. ఈ ఒక్కసారికి ఎవరైనా అనవచ్చని ముందే చాటింపు వేయించమని ఆమె సలహా ఇచ్చింది. అది నా వల్ల కాదన్నాను. భోజనానికి పిలిచి, విస్తరి వెయ్యకముందే కూర బాగుందనమని అతిథుల్ని వేడుకున్నట్టుంటుంది. గొంతు దొరికితే చాలు, మిగతాది ఆ గొంతే చూసుకుంటుందని నా ధీమా. కాబట్టి గొంతును వెతకడానికి బయలుదేరాను.

మొదట రాజమండ్రి వెళ్లాను. బస్సులో సీటు అడగడం మా వంశంలో లేదు గనక నిలబడే వెళ్లాను. స్టేషను దగ్గర ఒక లాడ్జి మేడ మీద, నాటకాలకు నటుల్ని కుదిర్చిపెట్టే ఏజెంటు ఒకాయన ఉండేవాడు. నాకు కావలసినదేమిటో వివరంగా చెప్పాను. మెరుగు పెట్టని గొంతు కావాలి, ఎకో లేకుండా ఆఖరి వరస దాకా వెళ్లాలి, పైస్థాయిలో చీలినా సిగ్గుపడకూడదు అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే జలుబు చేసినట్టుండాలంటారా?" అని అడిగి, తన దగ్గరున్న మేటి నటుణ్ణి కబురు చేసి పిలిపించాడు.

పట్టు జుబ్బా వేసుకున్న నటుడు వచ్చాడు. పద్యం పాడమంటే చుట్టూ చూసి, మైకు లేదే అన్నాడు. నేను పర్వాలేదన్నాను. ఆయనకు పర్వా ఉంది. బల్ల మీది మంచినీళ్ల గ్లాసు తీసుకుని నోటి ముందు పెట్టుకున్నాక గాని గొంతు పెగల్లేదు. అప్పుడు రాగం ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నప్పుడు నా చేతిలో పెట్టిన సోడా, పద్యంలో మొదటి మాట వచ్చేసరికి మామూలు మంచినీళ్లయింది.

మా తాతగారికి ఒక పరీక్ష ఉండేది. పాడేవాణ్ణి కాలవకు ఈ గట్టున నిలబెట్టి, తాను పడవ మీద ఆ గట్టుకు వెళ్లి వినేవారు. ప్రతి అక్షరం తడవకుండా నీళ్లు దాటి రావాలి. ఆ సంగతి చెప్పి, గోదావరి గట్టు దాకా వెళదామా అన్నాను. నటుడు కిటికీలోంచి నది కేసి చూశాడు.

"అవతల కొవ్వూరండి బాబూ," అన్నాడు.

అందులో న్యాయం ఉంది. దండం పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత నిడదవోలులో రైల్వే ఉద్యోగి ఒకాయన పాతకాలపు గొంతుతో పాడతాడని తెలిసింది. క్వార్టర్స్‌కు వెళ్లి నన్ను నేను పరిచయం చేసుకున్నాను. ఎంతో సంతోషించాడు. ఇతను కాలవ పరీక్షకు కూడా వెంటనే ఒప్పుకున్నాడు. సెలవు రోజు పొద్దున్నే అతను ఈ గట్టున, నేను ఆ గట్టున నిలబడ్డాం. మా మధ్య గుర్రపుడెక్క, రెండు బాతులు. అతను పద్యం ఎత్తుకున్నాడు, నా ఒళ్లు జలదరించింది. అదే గరుకు, అదే తవుడు. అక్షరం అక్షరం పొడిగా వచ్చి నా చెవిలో పడింది. మా తాతగారు కుర్చీలోంచి ముందుకు వంగే చోట నేనూ వంగాను.

పద్యం మూడో పాదం మధ్యలో అతను ఠక్కున ఆగిపోయాడు. ఏదో అయిందనుకుని నా గట్టు నుంచి అరిచి అడిగాను.

"ప్లేటు అక్కడితో అయిపోద్దండీ," అని అరిచాడు. "తిరగెయ్యాలి."

కాసేపు ఆగి, ప్లేటు తిప్పినంత సేపు కాబోలు, మళ్లీ అందుకున్నాడు. అప్పుడు పట్టి విన్నాను. మధ్యమధ్య నాలుకతో టిక్కుటిక్కుమని ఒక చప్పుడు చేస్తున్నాడు. ఆ పాత రికార్డు మీద ఉన్న గీతను కూడా వదలకుండా నేర్చుకున్నాడు పాపం. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఉన్న గ్రామఫోను ముందు కూర్చుని, ఎప్పుడో కాలంచేసిన ఒక మహానటుడి గొంతును ఉన్నదున్నట్టు దింపాడు. ఆ ప్లేటు మీద లేనిది ఏదైనా పాడమంటే, లేనిది పాడటం ఎలాగండి అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. మంచివాడు. కాని అతని గొంతులో ఇంకొకరు కాపురం ఉంటున్నారు, తనకే చోటు లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వీ నవ్వీ, "ఇంతకీ మీకు కావలసింది బతికున్న మనిషా, పోయిన మనిషా?" అంది.

నవమి దగ్గర పడుతోంది. ప్రెసిడెంటు ఎదురైనప్పుడల్లా, దొరికారాండీ అని ఎంతో గౌరవంగా అడిగేవాడు. వెతికే పని నాది కాదన్నట్టు తల ఊపేవాణ్ణి. ఈలోగా మా ఆవిడ అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయిస్తానని మొక్కుకుంది. నాకు గొంతు దొరకాలనా, నా తిరుగుళ్లు ఆగాలనా అని అడిగితే, "స్వామికి తెలుసు లెండి" అంది.

అన్నవరంలో వ్రతానికి టికెట్టును బట్టి మంటపం. మా స్థితికి తగిన మంటపంలో దంపతులు వరసలు వరసలుగా పీటలకు పీటలు తగిలేలా కూర్చుని ఉన్నారు. ముందుకు తోసుకు వెళ్లడం నాకు చేతకాదు గనక మాకు ఆఖరి వరసే దక్కింది. ఎక్కడో దూరాన, మైకు ముందు, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక పురోహితుడు అందరిచేతా ఒకేసారి పూజ చేయిస్తున్నాడు. పాతికేళ్లుంటాయి. మైకులో అతని గొంతు రైల్వే స్టేషన్లో ప్రకటనలాగే వినపడింది. నా ధ్యాస పసుపు గణపతి మీద పెట్టాను.

కథ సగంలో కరెంటు పోయింది. ఫాన్లు ఆగాయి, మైకు ఆగింది, పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు. అతను ఒక్క క్షణం కూడా ఆగలేదు. మైకు పక్కకు నెట్టి, "అమ్మా, ఎడం చేత్తో కాదు, కుడి చేత్తో. వెనక వరస వాళ్లు, ఇటు చూడండి, పువ్వు తీసుకోండి" అని కేకేశాడు. ఆ కేక అన్ని వరసలూ దాటి, పిల్లల ఏడుపులు దాటి, మా పళ్లెంలో వచ్చి పడింది. తర్వాత శ్లోకం ఎత్తుకున్నాడు. రోజుకు ఎన్ని వ్రతాలు చేయించేవాడో, ఎన్ని వందలమందిని ఇలా పిలిచి పిలిచి ఆ గొంతు అరిగిందో గాని, ఎక్కడా మెరుగు లేదు. దంపుడు బియ్యం. చివర రాగం తీస్తూ పైకి వెళ్లాడు. వెళ్లినచోట గొంతు చీలింది.

"వన్స్ మోర్," అన్నాను.

అన్నది నేనేనని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. పెద్దగానే అన్నాను. ఆ మంటపంలో ఫాను చప్పుడు కూడా లేదు. మా ఆవిడ నా మోచేతిని పొడిచింది. మా ముందు వరసలో తుని నుంచి వచ్చిన దంపతులు పూర్తిగా వెనక్కి తిరిగి చూశారు. ఇంతలో అంతకంటే వింత జరిగింది. పురోహితుడు తల ఎత్తి, ఒక్క క్షణం ఎటో చూసి, అదే శ్లోకాన్ని మళ్లీ మొదటి నుంచీ, ఈసారి ఇంకొంచెం రాగం పెంచి పాడాడు. శ్లోకం వచ్చింది గనక వందమంది దంపతులూ మళ్లీ ఒక్కో పువ్వు స్వామికి వేశారు. ప్రసాదం దగ్గర తుని ఆయన నన్ను పట్టుకుని, ఇలా రెండేసి సార్లు వేస్తే ఫలితం కూడా రెట్టింపు అవుతుందాండీ అని అడిగాడు. అవుతుందన్నాను. నాకైతే అయింది.

పూజ ముగిశాక పురోహితుడే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. "ఆ మాట అన్నది మీరేనాండీ?" అన్నాడు.

"ఈయనేనండి," అని మా ఆవిడ నన్ను వెంటనే అప్పజెప్పింది. "ఏదో పరధ్యానంలో అన్నారు, ఏమీ అనుకోకండి."

"అనుకోవడమేంటమ్మా. నాకు జన్మలో పడ్డ మొదటి వన్స్ మోర్ అదే."

మేనమామ ఒకప్పుడు వేషాలు వేసేవాడట, ఆయన దగ్గర కొన్ని పద్యాలు నేర్చాడు గాని ఇప్పటిదాకా స్టేజీ ఎక్కే వీలు దొరకలేదట. మెట్ల మీద కూర్చోబెట్టి అక్కడికక్కడే పాడించాను. రాజ్యం పోగొట్టుకుని అడవికి వెళుతూ పరివారాన్ని సాగనంపే రాజు పద్యం. కొండ దిగుతున్న యాత్రికులు ఆగి విన్నారు. నాకు ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది. మా ఊరు రమ్మని, ఆ రాజు వేషం మీదేనని, పక్క వేషాలు మా ఊరివాళ్లు కడతారని చెప్పాను. కళ్లు మెరిశాయి.

"ఎకో ఉంటుందాండీ?" అన్నాడు.

తరవాత నెమ్మదిగా తెలిసింది. అతని అసలు కోరిక పద్యాలు కాదు, ఆర్కెస్ట్రాలో సినిమా పాట పాడటం. ఎకోలో తన గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలని. నేను పద్యంలోని గొప్పతనం గురించి చాలాసేపు చెప్పాను. అతను వినయంగా విని, "మరి సినిమా పాట ఎప్పుడండి?" అన్నాడు. చివరికి, పద్యాలకు ఎకో ఉండకూడదని, సీను ముగిశాక మాత్రం ఒక సినిమా పాట ఎకోతో పాడుకోవచ్చని ఒప్పందం కుదిరింది. ఆ పాటకు అనుమతి కోసం నేను ప్రెసిడెంటు ఇంటికి నా కాళ్ల మీద నడిచి వెళ్లవలసి వచ్చింది.

"మీ రోజున సినిమా పాటాండీ?" అన్నాడతను. ఈసారి నవ్వు దాచుకోలేకపోయాడు.

"అతిథి కోరిక," అన్నాను. "మా ఇంట్లో అతిథిని నొప్పించరు."

మా రోజు వచ్చింది. పొద్దు వాలుతుండగా సీను మొదలైంది. అన్నవరం పంతులు వేషం కడుతున్నాడని తెలిసి జనం కొంచెం ఎక్కువే వచ్చారు. ముందు వరసలో నా కుర్చీ, దానికి అటూ ఇటూ ఎవరూ కూర్చోని ఖాళీ. నా వెనక చాపల మీద ఆడవాళ్లు, వాళ్లలో ప్రెసిడెంటు వాళ్లమ్మ. పందిరి గుంజకు ఆనుకుని ప్రెసిడెంటు. ఆవు కూడా వచ్చింది.

కిరీటం పెట్టుకుని మా పురోహితుడు స్టేజీ మీదికి వచ్చాడు. మైకు చూశాడు, ఆ పక్కన ఆపి ఉంచిన ఎకో పెట్టె కేసి ఒకసారి ఆశగా చూశాడు. మొదటి పద్యం ఎత్తుకున్నాడు. మైకుకు పెదవులు ఆనించి, కళ్లు సగం మూసి, తీయగా, నున్నగా, సినిమా గాయకుడిలా పాడాడు. అన్నవరంలో నేను విన్న మనిషి ఆ కిరీటం కింద లేడు. పద్యం అయింది. ఎవరూ కదల్లేదు, ఎందుకంటే ఎవరూ వినడం లేదు. చాపల మీద కబుర్లు మొదలయ్యాయి. వెనకాల పల్లీల బండి దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. ప్రెసిడెంటు నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు. నేను వెన్ను ఇంకా నిటారుగా పెట్టాను. ఆ రోజు, మా ముత్తాత నాటి నుంచి ఉన్న రోజు, నా కళ్ల ముందే పల్లీల పొట్టుతో పాటు కొట్టుకుపోతోంది.

రెండో పద్యానికి హార్మోనియం శ్రుతి అందించింది. కబుర్లు ఆగలేదు. పురోహితుడు నోరు తెరిచి, మళ్లీ మూసి, జనం కేసి చూశాడు. అప్పుడు అలవాటు అతన్ని మించిపోయింది. మైకు పక్కకు నెట్టి, "అమ్మా, వెనక వరస వాళ్లు మాటలు ఆపండి. కథ మధ్యలో మాట్లాడితే ఫలం ఉండదు. అక్షతలు చేత్తో పట్టుకుని ఇటు చూడండి" అని కేకేశాడు.

పందిరంతా గొల్లుమంది. కొందరు ఆడవాళ్లు నిజంగానే అరచేతులు చాపి చూసుకున్నారు, అక్షతలు ఏవని. తానేమన్నాడో తెలిసి రాజుగారు కూడా నవ్వేశాడు. ఆ నవ్వుతో బిగువు సడలింది. నవ్వు ఇంకా పూర్తిగా అణగక ముందే, ఆ కేక వేసిన గొంతుతోనే, మైకు వదిలేసి, పద్యం అందుకున్నాడు. సాగనంపే పద్యం. మొదటి పాదానికి చాపలు సద్దుమణిగాయి, రెండో పాదానికి పల్లీల బండి. చివర పైకి వెళ్లాడు. ఎక్కడ చీలాలో అక్కడ చీలింది.

పద్యం ముగిసింది. ఎంత నిశ్శబ్దమంటే, కాలవ లాకుల దగ్గర నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. అందరి నోళ్లలోనూ ఆ మాట ఉంది. నేను ముందు అనాలి, ఆ పైన వాళ్లు అంటారు. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసినట్టు నా నోటి కేసి చూస్తున్నారు. నా నోట్లోనూ ఆ మాట ఉంది, పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాను. ప్రెసిడెంటుకు మాట ఇచ్చాను. స్టేజీ మీద పురోహితుడు కూడా నా కేసే చూస్తున్నాడు. అన్నవరంలో అన్నవాడు ఇక్కడ ఎందుకు అనడం లేదో అతనికి అర్థం కావడం లేదు. హార్మోనియం ఆయన తరవాతి మెట్టు మీద వేలు పెట్టాడు. ఇంకొక ఊపిరి గడిస్తే సీను ముందుకు వెళ్లిపోతుంది.

లేచి నిలబడ్డాను. కండువా సర్దుకుని, కుర్చీ వదిలి, చాపల మధ్య దారిలో వెనక్కి నడిచాను. ఆ దారిన మా ఇంటివాళ్లు ఎవరూ ఎప్పుడూ నడవలేదు. బాబుగారికి కోపం వచ్చిందని ఎవరో గుసగుసలాడారు. మా ఆవిడ కూడా అలాగే అనుకుందని తరవాత చెప్పింది. నేను ఎవరి కళ్లలోకీ చూడకుండా వెళ్లి, పల్లీల బండి పక్కన ఆవు దగ్గర నిలబడ్డాను.

ముందు ఏమీ జరగలేదు. తరవాత చాపల్లోంచి ప్రెసిడెంటు వాళ్లమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఖాళీ కుర్చీని చూసింది, వెనక ఉన్న నన్ను చూసింది, మళ్లీ కుర్చీని చూసింది.

"వన్స్ మోర్," అంది. ఆవిడ గొంతు ఏమీ పెద్దది కాదు.

"అమ్మా," అన్నాడు కొడుకు.

"ఏంట్రా? కాపరానికొచ్చిన కాడినించీ నోరు మూసుకునే విన్నాను. కుర్చీలో ఎవరూ లేరుగా. తప్పయితే నన్నే పాడమంటారు, అంతే కదా? పాడతాను. నీకే నామోషీ."

ఆవిడ పాడే ముప్పును తప్పించాలనో, నిజంగా ఆగలేకో గాని, పందిరంతా ఒక్కసారి అందుకుంది. వన్స్ మోర్, వన్స్ మోర్ అని మగవాళ్లు, ఆడవాళ్లు, పల్లీల బండి ఆయన, చివరికి గుంజ దగ్గర ప్రెసిడెంటు కూడా. అన్నేళ్లుగా దాచుకున్నవన్నీ కలిపి అన్నట్టుంది ఆ అరుపు. కండువాలు ఎగిరాయి. నా పక్కనున్న ఆవు బెదిరి నా కాలు తొక్కింది.

పురోహితుడు మళ్లీ పాడాడు. ముందు వరసలో కూర్చున్నప్పుడు నేను ఎప్పుడూ నటుడి మెడ నరాలు, తెల్లరంగు కింద చెమట, హార్మోనియం తిత్తి చప్పుడు కలిపి వినేవాణ్ణి. వెనక అవేవీ లేవు. మాట ఒక్కటే, జనం తలల మీదుగా వచ్చింది. తొక్కిన కాలు నొప్పి పెడుతోంది. కదల్లేదు.

సీను అయ్యాక ఒప్పందం ప్రకారం సినిమా పాట పాడాడు. ఎకో పెట్టారు. ఒక్కో మాటా మూడేసి సార్లు వినపడింది, మూడుసార్లూ ఒకేలా బాగాలేదు. దానికీ వన్స్ మోర్ పడింది. అతని ముఖంలో ఆ ఆనందం చూసి నేనూ చప్పట్లు కొట్టాను, వేళ్ల చివర్లతో.

ఆ రోజు మాకు మిగిలింది. కట్టుబాటు మాత్రం మిగల్లేదు. ఒకసారి నోరు విప్పిన ఊరు మళ్లీ మూయలేదు. మర్నాడు హరికథకు పడింది, బుర్రకథకు పడింది, ఆ పై రోజు మైకు పరీక్షిస్తూ "హలో, హలో, వన్, టూ, త్రీ" అన్న కుర్రాడికి కూడా వన్స్ మోర్ పడింది. అతను మళ్లీ లెక్కపెట్టాడు. పురోహితుడు ఆ తరవాత చుట్టుపక్కల ఊళ్లలో కూడా వేషాలు కట్టాడు. ఎక్కడికి వెళ్లినా పద్యానికి ముందు అక్షతలు పట్టుకోమనేవాడట, జనం అడిగి మరీ అనిపించుకునేవారట.

తరవాతి ఏడు నవమికి ముందు ప్రెసిడెంటు మళ్లీ వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఈసారి కూడా కుర్చీ అంచునే కూర్చున్నాడు. మీ రోజు మీదేనండి, దానికేమీ లేదు అన్నాడు. ఇంకేదో ఉంది, చెప్పడానికి మొహమాటపడుతున్నాడు.

"చెప్పవయ్యా," అన్నాను.

"ఏం లేదండి. పందిట్లో మీ కుర్చీ వెయ్యమంటారా, వద్దా అని. మీరు దాంట్లో కూర్చుంటే అలవాటు కొద్దీ జనం మళ్లీ నోరు మూసుకుంటారేమోనని కమిటీలో అనుకున్నారు. మీ ఇష్టమేనండి."

"ముందు వరసలోనే వెయ్యండి," అన్నాను. "ఖాళీగా ఉంచే హక్కు మా ఇంటిదే."